తల్లి వైపు నుంచి పక్షుల వంశకథ

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో గ్లెన్‌మార్క్ అనే చోట ఒక చిత్తడి నేల ఉంది. 1871లో అక్కడ మోవా అనే ఎగరలేని పెద్ద పక్షుల ఎముకలు తవ్వుతుంటే, వాటి మధ్య ఒక వేటపక్షి ఎముకలు బయటపడ్డాయి. వాటిని పరిశీలించి లోకానికి చెప్పిన జూలియస్ వాన్ హాస్ట్ పేరు మీదే దానికి హాస్ట్ గద్ద అన్న పేరు స్థిరపడింది. రెక్కలు చాపితే దాదాపు 3 మీటర్లు, బరువు 10 నుంచి 15 కిలోలు. ఇప్పటిదాకా తెలిసిన గద్దల్లో దీన్ని మించినది లేదు. మోవాలను వేటాడి బతికేది. మనుషులు ఆ దీవులకు చేరి మోవాలను వేటాడి నిర్మూలించాక, సుమారు 600 ఏళ్ల కిందట ఈ గద్ద కూడా లేకుండా పోయింది.

ఇంత భారీ పక్షికి చుట్టాలెవరు? పక్కనే ఆస్ట్రేలియాలో ఒక పెద్ద గద్ద ఉంది కాబట్టి, దాని వంశమే అయివుంటుందని చాలాకాలం అనుకున్నారు. ఎముకల పరిమాణం చూసినా ఆ ఊహ సబబుగానే తోచింది. 2005లో మైకేల్ బన్స్ బృందం సుమారు 2,000 ఏళ్ల నాటి ఎముకల నుంచి రెండు జన్యువుల అక్షరాల వరసను చదివాక ఆ ఊహ నిలవలేదు. హాస్ట్ గద్దకు అతి దగ్గరి బంధువులు రెండు చిన్న గద్దలని తేలింది. ఒకటి ఆస్ట్రేలియాలోనే ఉండే చిన్న గద్ద. రెండోది యూరప్, మధ్య ఆసియాల్లో గూళ్లు కట్టి, చలికాలానికి భారతదేశం వచ్చే ఉడుతల గద్ద. తెలుగు రాష్ట్రాల ఆకాశంలోనూ శీతకాలంలో కనబడే ఈ పక్షి బరువు ఒక కిలోకు అటూఇటూ. ఈ చిన్న గద్దల వంశం నుంచి హాస్ట్ గద్ద విడిపోయింది 7 లక్షల నుంచి 18 లక్షల ఏళ్ల కిందటేనని ఆ బృందం అంచనా. పరిణామ కాలమానంలో ఇది చాలా తక్కువ వ్యవధి. వేటాడే క్షీరదాలు లేని దీవిలో, ఎదురు లేని చోట, ఒక చిన్న గద్ద సంతతి పది రెట్లకు పైగా బరువెక్కింది.

ఎముకల ఆకారం దాచిన ఈ సంగతిని చెప్పిన ఆ రెండు జన్యువులూ కణ కేంద్రకంలోవి కావు. మైటోకాండ్రియాలోవి.

ఆహారం నుంచి శక్తిని తీసి కణానికి అందించే సూక్ష్మ భాగాలు మైటోకాండ్రియా. ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియాల సంతతి కావడం వల్ల వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. అది చాలా చిన్నది. కోడి కేంద్రకంలో 100 కోట్లకు పైగా అక్షరాలుంటే, మైటోకాండ్రియాలో ఉన్నవి 16,775 మాత్రమే. పక్షుల్లో మొట్టమొదట పూర్తిగా చదివింది ఈ కోడి మైటోకాండ్రియా డీఎన్‌ఏనే. ఆ వివరాలు 1990లో వెలువడ్డాయి. వలయంలా మూసుకుని ఉండే ఆ పోగులో 37 జన్యువులున్నాయి. వాటిలో 13 ప్రొటీన్లను తయారు చేయిస్తాయి. తక్కిన 24 ఆ తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏ సరంజామాకు సంబంధించినవి.

ఈ చిన్న వలయం మీద శాస్త్రవేత్తలకు అంత మక్కువ ఎందుకంటే, మొదటి కారణం సంఖ్య. ఒక కణంలో కేంద్రక డీఎన్‌ఏ రెండే ప్రతులు ఉంటుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ వందలు, వేల ప్రతులు. వేల ఏళ్లు మట్టిలో నానిన ఎముకలో, వందేళ్ల నాటి మ్యూజియం పక్షి కాలిచర్మంలో ఏదైనా మిగిలి ఉంటే అది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. రెండో కారణం వేగం. కేంద్రక జన్యువుల్లో చాలావాటికంటే ఇందులో మార్పులు త్వరగా పోగవుతాయి కాబట్టి, కొన్ని లక్షల ఏళ్ల కిందట విడిపోయిన జంట జాతుల మధ్య కూడా తేడా కనబడుతుంది.

మూడో కారణమే అన్నిటికన్నా ముఖ్యం. మన ఇంటిపేరు తండ్రి నుంచి బిడ్డలకు వస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ అందుకు తలకిందులుగా తల్లి నుంచి వస్తుంది. కొడుకులకూ అందుతుంది గానీ వాళ్లతోనే ఆగిపోతుంది. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి ఆమె కూతురికి సాగే ఈ దారిలో తండ్రి డీఎన్‌ఏతో కలగలవడం దాదాపు ఉండదు. అందుకే వెనక్కి వెళ్లేకొద్దీ దారి చిక్కుపడదు. అయితే ఇంటిపేరు పట్టుకుని ఏడు తరాలు వెనక్కి వెళ్లినా అమ్మమ్మల పుట్టిళ్లు తెలియనట్టే, ఈ దారిలో తాతలెవరూ కనబడరు. పక్షుల బంధుత్వాల పరిశోధన మూడున్నర దశాబ్దాలుగా సాధించిన గొప్ప విజయాలకూ, పడిన పెద్ద పొరపాట్లకూ మూలం చాలావరకు ఈ ఒక్క గుణంలోనే ఉంది.

ఈ పరిశోధనకు తలుపు తెరుచుకున్నది 1989లో. అంతకుముందు పక్షుల వర్గీకరణ ఈకలు, ఎముకలు, కండరాలు, కూతల మీద నడిచేది. ఆపైన, 1989కి ముందే, చార్లెస్ సిబ్లీ, జాన్ ఆల్‌క్విస్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు రెండు పక్షుల డీఎన్‌ఏ పోగులను జతచేసి, ఆ జత ఏ వేడికి విడిపోతుందో కొలిచి, వాటి దగ్గరితనాన్ని అంచనా వేశారు. అది మొత్తంగా ఎంత పోలిక ఉందో చెప్పేది. ఏ అక్షరం ఎక్కడ మారిందో చెప్పేది కాదు. 1989లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలోని ఆలన్ విల్సన్ ప్రయోగశాల నుంచి ఒక వ్యాసం వచ్చింది. సైటోక్రోమ్ బి అనే మైటోకాండ్రియా జన్యువులోని భాగాన్ని చేపల్లో, కప్పల్లో, పక్షుల్లో, క్షీరదాల్లో ఒకే జత ప్రైమర్లతో, పీసీఆర్ అనే నకలు తీసే పద్ధతి ద్వారా లక్షల ప్రతులుగా పెంచవచ్చని ఆ వ్యాసం చూపించింది. ప్రైమర్లంటే ఎక్కడి నుంచి నకలు మొదలుపెట్టాలో యంత్రానికి చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలు. ఆ వ్యాసం తర్వాత పక్షుల మీద పనిచేసే ప్రయోగశాలలెన్నో ఈ జన్యువు చదవడం మొదలుపెట్టాయి.

పక్షుల్లో సైటోక్రోమ్ బి పొడవు 1,143 అక్షరాలు. మూడేసి అక్షరాలు ఒక సంకేతం. మూడో అక్షరం మారినా చాలాసార్లు ప్రొటీన్ మారదు, కాబట్టి ఆ స్థానంలో మార్పులు అడ్డులేకుండా పోగవుతాయి. మొదటి రెండు స్థానాల్లో మార్పు ప్రొటీన్‌నే దెబ్బతీయవచ్చు. అందుకే అక్కడ మార్పులు నెమ్మదిగా వస్తాయి. గడియారంలోలా ఒకే జన్యువులో వేగంగా కదిలే ముల్లూ, నిదానంగా కదిలే ముల్లూ రెండూ ఉన్నాయి. దగ్గరి చుట్టాల మధ్య తేడాకు మూడో అక్షరం, దూరపు చుట్టాలకు మొదటి రెండు అక్షరాలు ఎక్కువ ఉపయోగపడతాయి.

కానీ మూడో అక్షరం ఒక పరిధి దాటాక మోసం చేస్తుంది. 'ఏ' అనే అక్షరం 'జీ'గా మారి, మళ్లీ 'ఏ' అయితే, మధ్యలో జరిగిన రెండు మార్పులకూ ఆనవాలు ఉండదు. సంబంధం లేని రెండు వంశాల్లో ఒకే స్థానంలో ఒకే అక్షరం విడివిడిగా వచ్చి చేరితే అవి చుట్టాల్లా కనిపిస్తాయి. ఉన్నవి నాలుగే అక్షరాలు. కాలం గడిచేకొద్దీ ఇలాంటి కాకతాళీయాలు తప్పవు. అందుకే తేడాలను ఊరికే లెక్కపెడితే చాలదు. ఏ మార్పు ఎంత తరచుగా జరుగుతుందో అంచనా వేసే గణిత నమూనాలు కావాలి. పరిశీలిస్తున్న గుంపుకు బయటిదని ఖాయంగా తెలిసిన పక్షిని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఏ అక్షరం పాతది, ఏది కొత్తది అన్నది ఆ బయటి పక్షే చెబుతుంది.

కాలం లెక్క కూడా ఈ మార్పుల నుంచే వస్తుంది. రెండు పక్షి వంశాల మధ్య మైటోకాండ్రియా తేడా 10 లక్షల ఏళ్లకు సుమారు 2 శాతం చొప్పున పెరుగుతుందని ఒక సూత్రం ప్రచారంలో ఉంది. జేసన్ వేర్, డాల్ఫ్ ష్లూటర్ 2008లో శిలాజాల వయసులు, భూభాగాల మార్పుల తేదీలు ఆధారంగా సరిచూస్తే సైటోక్రోమ్ బి సగటు దాదాపు అంతే, 2.1 శాతం వచ్చింది. సగటు అంటే సగటే. ఒక్కో వంశంలో ఇది ఎక్కువగానూ ఉండవచ్చు, తక్కువగానూ ఉండవచ్చు. పైగా ఏనాడో విడిపోయిన వంశాలకు ఈ లెక్క పనికిరాదు.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి కివీ కథకు సాటి లేదు. కివీ న్యూజిలాండ్ జాతీయ చిహ్నం, కోడంత పక్షి, ఎగరదు. అదే దేశంలో ఒకప్పుడు ఎగరలేని మోవాలూ ఉండేవి. రెండూ ఒకే వంశం చీలికలని అందరూ నమ్మారు. 1992లో ఆలన్ కూపర్, విల్సన్ తదితరులు మోవా ఎముకల్లోని మైటోకాండ్రియా ముక్కలను చదివి చూస్తే, కివీ మోవాకంటే ఆస్ట్రేలియాలోని ఈమూ, కాసోవరీలకు దగ్గరగా కనిపించింది. న్యూజిలాండ్ వాసులకు అది మింగుడుపడని సంగతే. 2014లో కూపర్ బృందమే కీరన్ మిచెల్ ఆధ్వర్యంలో మరో మలుపు తిప్పింది. మడగాస్కర్‌లో అంతరించిన ఏనుగు పక్షి ఎముకల నుంచి మైటోకాండ్రియా డీఎన్‌ఏను చదివి, కివీకి అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఆ ఏనుగు పక్షే అని తేల్చింది. ఒకటి వందల కిలోల బరువున్న మహాకాయం, ఇంకొకటి రెండు మూడు కిలోల పిట్ట. రెండు దీవుల మధ్య 11 వేల కిలోమీటర్లకు పైగా దూరం.

ఇందులోని అసలు విశేషం దూరం కన్నా పెద్దది. ఉష్ట్రపక్షి ఆఫ్రికాలో, రియా దక్షిణ అమెరికాలో, ఈమూ ఆస్ట్రేలియాలో, ఏనుగు పక్షి మడగాస్కర్‌లో ఉండటానికి పాఠ్యపుస్తకాలు చెప్పిన కారణం గోండ్వానా ఖండం. ఎగరలేని ఒక ఆది పక్షి ఆ మహాఖండం మీద తిరిగేదనీ, ఖండం ముక్కలైనప్పుడు దాని సంతతి ముక్కలతో పాటు విడిపోయిందనీ ఆ వాదం. కానీ మడగాస్కర్, న్యూజిలాండ్ ఒకదానికొకటి దూరమైన కాలానికీ, కివీ, ఏనుగు పక్షి వంశాలు విడిపోయిన సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి కాలానికీ పొంతన లేదు. భూమి విడిపోయాక చాలాకాలానికి పక్షులు విడిపోయాయంటే వాటి పూర్వీకులు సముద్రం మీదుగా ఎగిరి వెళ్లి ఉండాలి. మోవాకు దగ్గరి చుట్టాలు దక్షిణ అమెరికాలో ఇప్పటికీ ఎగరగలిగే టినమూలు అన్న సంగతి కూడా ఇదే దిశను చూపుతోంది. ఎగరడం మానుకోవడం ఒక్కసారి జరిగిన సంఘటన కాదు. ఒక్కో భూభాగంలో వేర్వేరుగా, పదేపదే జరిగింది. ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రంలో ఎంతో అందంగా అమరిన ఒక వివరణ అలా కూలిపోయింది.

మోవాల విషయంలో మరో చిక్కుముడి విడింది. డైనోర్నిస్ అనే మోవా ప్రజాతిలో ఎముకల పరిమాణాన్ని బట్టి చిన్నవి, మధ్యరకం, భారీవి అంటూ మూడు జాతులు గుర్తించి ఉంచారు. వాటి మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆ విభజనను ఒప్పుకోలేదు. చిన్న ఎముకలూ పెద్ద ఎముకలూ ఒకే తల్లి వంశంలో కలిసిపోయాయి. విడిపోయినవల్లా ఉత్తర దీవి పక్షులు, దక్షిణ దీవి పక్షులు. మరి పరిమాణంలో అంత తేడా ఎందుకు? పక్షుల్లో ఆడవాటికి మాత్రమే ఉండే డబ్ల్యూ క్రోమోజోమ్ ఆనవాళ్లను వెతికితే జవాబు దొరికింది. భారీ ఎముకలన్నీ ఆడపక్షులవి, చిన్నవి మగపక్షులవి. ఆడపక్షి ఎత్తు మగదానికి ఒకటిన్నర రెట్లు, బరువు దాదాపు 2.8 రెట్లు. 2003లో రెండు బృందాలు విడివిడిగా ఈ సంగతి ప్రకటించాయి. వందేళ్లకు పైగా వేర్వేరు జాతులుగా అలమారాల్లో సర్దిన ఎముకలు నిజానికి ఆలుమగలవి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మైటోకాండ్రియా ఒక్కటే ఉంటే ఒక్కో దీవిలోనివన్నీ ఒకే జాతి అని మాత్రమే తెలిసేది. ఆడ, మగ తేడా చెప్పడానికి కేంద్రకాన్ని అడగవలసి వచ్చింది.

రాబందుల కథలో ఈ పద్ధతి బలం, బలహీనత రెండూ కనిపిస్తాయి. బోడి మెడ, కొక్కెం ముక్కు, కళేబరాల తిండి చూసి పాత ప్రపంచపు రాబందులన్నీ ఒకే కుటుంబమని అనుకోవడం సహజం. 1995లో ఇంగ్రిడ్ సైబోల్డ్, ఆండ్రియాస్ హెల్బిగ్ సైటోక్రోమ్ బి చదివి అవి రెండు వేరు వేరు శాఖలని చూపించారు. మన దేశంలో కనబడే తెల్ల రాబందు హిమాలయాల్లోని గడ్డపు రాబందుతో ఒక శాఖ. పొడవు ముక్కు రాబందు, తెల్ల వీపు రాబందు ఉన్న వంశం మరో శాఖ. రాబందు బతుకుకు తగిన శరీరం ఒకటికి రెండుసార్లు విడివిడిగా రూపొందింది. అమెరికా ఖండాల రాబందులదైతే పూర్తిగా వేరే కుటుంబం. అవి కొంగల బంధువులని సిబ్లీ వాదన. 1994లో ఒక సైటోక్రోమ్ బి అధ్యయనం ఆ వాదనను బలపరిచింది. అయితే అందులో వాడిన ఒక రాబందు అక్షరాల వరసలోనే తప్పు దొర్లిందని త్వరలోనే ఇతరులు పట్టుకున్నారు. కేంద్రక జన్యువులు విస్తారంగా చదివిన తర్వాత ఆ రాబందులు మళ్లీ గద్దల పక్కకు చేరాయి.

ఇది పుస్తకాల్లోని చర్చగా మిగిలిపోయే విషయం కాదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా చేరి భారత రాబందులను ఊచకోత కోసిందని 2004లో రుజువైంది. 2006లో పశువైద్యంలో ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి పొడవు ముక్కు రాబందు ఒకే జాతి అనుకునేవారు కొందరు, రెండు జాతులనేవారు కొందరు. 2006లో మైటోకాండ్రియా జన్యువులు, ఎముకల ఆధారాలతో పాటు నిలబడి, ఉత్తరాది సన్న ముక్కు రాబందు విడి జాతి అని స్పష్టం చేశాయి. హర్యానాలోని పింజోర్ సంతానోత్పత్తి కేంద్రంలో ఆ రెండిటినీ వేరువేరుగా పెంచుతున్నారు. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టినవి పొడవు ముక్కు రాబందులు. ఏది ఏ జాతో తెలియకుండా కాపాడటం మొదలుపెడితే, ఒక జాతి కళ్లముందే జారిపోతున్నా లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది.

తప్పుల సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. పరిశోధకులు సాధారణంగా పక్షి రెక్క కింది సిర నుంచి ఒక బొట్టు రక్తం తీసి వదిలేస్తారు. మనుషుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు. పక్షుల ఎర్ర కణాల్లో ఉంటుంది. మైటోకాండ్రియా మాత్రం తక్కువ. పరిణామక్రమంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ ముక్కలు అప్పుడప్పుడు కేంద్రకంలోకి జారి, అక్కడ పనిలేకుండా ఉండిపోతాయి. పీసీఆర్ యంత్రానికి అసలూ నకలూ తెలియవు. పక్షి రక్తంలో కేంద్రక డీఎన్‌ఏ పుష్కలం కాబట్టి ఈ నకళ్లే ముందు చిక్కి, వాటినే అసలు జన్యువుగా భ్రమించి వంశవృక్షం గీస్తే బంధుత్వాలన్నీ తారుమారవుతాయి. 1998లో మైకేల్ సోరెన్‌సన్, థామస్ క్విన్ పక్షి శాస్త్రజ్ఞులను ఈ విషయంలో గట్టిగా హెచ్చరించారు. అప్పటి నుంచి కండరం, గుండె, కాలేయం లాంటి మైటోకాండ్రియా ఎక్కువున్న కణజాలంతో సరిచూసుకోవడం, ప్రొటీన్ సంకేతం మధ్యలో తెగిపోతోందేమో పరీక్షించడం పరిపాటి అయింది.

ఇంకొక తప్పు మరింత పెద్దది. 1990ల చివర్లో పూర్తి మైటోకాండ్రియా అక్షరాల వరసలు కొన్ని చేతికి వచ్చాక, ఇప్పుడున్న పక్షులన్నిటిలో మొదట విడిపోయిన శాఖ పిచ్చుకలు, కాకులు ఉన్న పాటపక్షుల వర్గమేనని కొన్ని అధ్యయనాలు ప్రకటించాయి. శిలాజాలకూ, శరీర నిర్మాణానికీ పొసగని మాట అది. కారణం తర్వాత తెలిసింది. పోల్చిన జాతులు మరీ తక్కువ. కొన్ని వంశాల్లో మార్పులు మరీ వేగం. వాడిన గణిత నమూనాలు మరీ సాదా. మరిన్ని జాతులు చేర్చి, నమూనాలు మెరుగుపరిచాక అదే మైటోకాండ్రియా మాట మార్చింది. ఉష్ట్రపక్షి, టినమూల వర్గం ముందు విడిపోయిందనీ, తర్వాత కోళ్లు, బాతుల వర్గమనీ ఇప్పుడు అందరూ ఒప్పుకున్నదే. అక్షరాలు అబద్ధం చెప్పలేదు. చదివిన పద్ధతి చాలలేదు.

6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట డైనోసార్లు అంతరించిన దగ్గర్లో పక్షి వర్గాలు కొద్దికాలంలోనే గుంపుగా చీలిపోయాయి. ఆ చీలికల క్రమం తేల్చడానికి పదహారు, పదిహేడు వేల అక్షరాలు ఎంత జాగ్రత్తగా చదివినా సరిపోవు. ఆ పని కేంద్రక జన్యువులకు వెళ్లింది. బైరి డేగలు గద్దలకంటే చిలుకలకూ, పాటపక్షులకూ దగ్గరని 2008లో షానన్ హాకెట్ తదితరులు 19 కేంద్రక జన్యుభాగాలతో చూపించారు. 2014లో 48 జాతుల పూర్తి జీనోములు, 2024లో 363 జాతులవి పోల్చారు. వీటి ముందు మైటోకాండ్రియా చిన్నబోయిందనుకోవడం సరికాదు. దాని చోటు ఎక్కడో తెలిసింది.

ఆ చోటు ఎక్కడో బాగా చెప్పేది కోడి. ఎర్ర అడవికోడే ఇంటి కోడికి పూర్వీకుడని డార్విన్ చెప్పాడు. 1994లో జపాన్ రాజకుమారుడు అకిషినో తన సహచరులతో కలిసి మైటోకాండ్రియా డీఎన్‌ఏను పరీక్షించి, థాయిలాండ్ ప్రాంతపు ఒకే ఒక ఉపజాతి నుంచి పెంపుడు కోళ్లన్నీ వచ్చాయని నిర్ధారించాడు. 2006లో చైనా శాస్త్రవేత్తలు మరెన్నో కోళ్లను పరిశీలించి తొమ్మిది తల్లి వంశాలను గుర్తించారు. వాటిలో ఒకటి భారత ఉపఖండం వైపు చూపుతోంది. 2008లో హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నోస్టిక్స్ నుంచి జె. నాగరాజు బృందం భారత అడవికోళ్ల మైటోకాండ్రియాను చదివి, మన దేశపు అడవికోడికి కూడా పెంపుడు కోడి పుట్టుకలో వాటా ఉందని వాదించింది. ఒక్క చోటా, అనేక చోట్లా అన్న ఈ తగువు పదేళ్లకు పైగా నడిచింది. 2020లో 863 కోళ్ల, అడవికోళ్ల పూర్తి జీనోములు పోల్చాక బొమ్మ స్పష్టపడింది. పెంపకం మొదలైంది నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల ఉపజాతి నుంచి. అక్కడి నుంచి మనుషుల వెంట వెళ్లిన కోళ్లు, వెళ్లిన చోటల్లా స్థానిక అడవికోళ్లతో కలిశాయి. తల్లి వంశాలు అనేకంగా కనిపించింది అందుకే.

అదే 2008లో స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి మరో సంగతి బయటపడింది. మన ఇళ్లలో, మార్కెట్లలో కనిపించే ఎన్నో కోళ్ల కాళ్లు పసుపు రంగు. ఎర్ర అడవికోడి కాళ్లు ఆ రంగులో ఉండవు. తిండిలోని పసుపు వర్ణకాలను చర్మంలో విరిచేసే ఒక ఎంజైమ్ తగ్గిపోతే కాళ్లు పచ్చబడతాయి. ఆ మార్పున్న జన్యువును లీఫ్ ఆండర్సన్ బృందం గుర్తించి పోల్చిచూస్తే, అది ఎర్ర అడవికోడిది కాదు. దక్షిణ, పశ్చిమ భారత అడవుల్లో, మన శేషాచలంలోనూ తిరిగే బూడిదరంగు అడవికోడిది. కేంద్రకంలోని జన్యువు అది. మైటోకాండ్రియా మీద ఎన్ని పరిశోధనలు జరిగినా బూడిదరంగు అడవికోడి వాటా బయటపడలేదు. ఏ పుంజో అడవి నుంచి వచ్చి ఊరి పెట్టను కలిసి ఉంటే, పిల్లలకు వచ్చేది ఊరి పెట్ట మైటోకాండ్రియానే. తండ్రి ఇచ్చిన పసుపు కాళ్లు మిగిలాయి, తండ్రి జాడ తల్లి వరసలో లేదు. సంక్రాంతి బరిలో డేగ, కాకి, నెమలి అని ఈకల రంగు చూసి పేర్లు పెట్టే గోదావరి పల్లెల కోళ్లలో సైతం ఈ చరిత్ర అంతా దాగి ఉంది.

తల్లి దారినీ కేంద్రకాన్నీ కలిపి చదివితే ఎంత గట్టి ఫలితం వస్తుందో పశ్చిమ కనుమల ఎత్తైన షోలా అడవులు చూపించాయి. కొండ శిఖరాల మీద, సుమారు 1,400 మీటర్ల పైన, గడ్డి మైదానాల మధ్య ముద్దలు ముద్దలుగా ఉండే చల్లని అడవులివి. అక్కడ నేల మీద తిరిగే ఒక నీలి పిట్టను పందొమ్మిదో శతాబ్దంలో థామస్ జెర్డన్ వర్ణించాడు. కలివికోడికి ఇంగ్లిష్‌లో ఉన్నది ఈయన పేరే. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసినవాడు. ఆ పిట్టను ఏ గుంపులో పెట్టాలో ఎవరికీ పాలుపోలేదు. ఒకరు ఒక ప్రజాతిలో, మరొకరు ఇంకో ప్రజాతిలో పెడుతూ పోయారు. ఇప్పుడు తిరుపతి ఐసర్ విద్యాసంస్థలో ఉన్న వి.వి. రాబిన్, బెంగళూరులోని ఉమా రామకృష్ణన్, సుష్మా రెడ్డి తదితరులతో కలిసి వీటి రక్త నమూనాల నుంచి మైటోకాండ్రియా, కేంద్రక జన్యువులు రెండూ చదివారు. పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన ఉన్నవీ దక్షిణాన ఉన్నవీ విడిపోయి లక్షల ఏళ్లు గడిచిందని 2010లో తేలింది. సుమారు 40 కిలోమీటర్ల వెడల్పున్న ఆ లోయ కొండపిట్టకు సముద్రం లాంటి హద్దు అయింది. 2015లో ఇదే బృందం 23 జాతుల పిట్టలను కలిపి చూసింది. ఎక్కువ జాతులను విడదీసింది అన్నిటికన్నా వెడల్పైన ఆ పాలక్కాడ్ కనుమే. అయినా అన్ని జాతులూ దాని దగ్గర ఆగిపోలేదు. కొన్నిటికి అది అడ్డే కాలేదు.

2017లో ఆ నీలి పిట్టలకు షోలికోలా అనే కొత్త ప్రజాతి ఏర్పడింది. వాటి చుట్టాలు ఇన్నాళ్లూ అనుకున్న చోట కాక ఈగలు పట్టే నీలి పిట్టల దగ్గర కనిపించాయి. అదే కొండల మీది నవ్వుపిట్టలకు మాంటెసింక్లా అనే మరో ప్రజాతి ఏర్పడింది. షెన్‌కోట్టై కనుమకు దక్షిణాన అగస్త్యమలై వైపు ఉన్న నీలి పిట్ట విడి జాతి అని గుర్తించి, దానికి అక్కడి ఆషాంబు కొండల పేరు పెట్టారు. ఈసారి తల్లి దారీ, కేంద్రకమూ ఒకే మాట చెప్పాయి కాబట్టి ఈ కొత్త ప్రజాతుల పేర్లు నిలిచాయి. ఒకప్పుడు ఒకటే అనుకున్న ఆ నీలి పిట్ట ఈ బృందం లెక్కలో మూడు జాతులు. ఒక్కొక్కదానికి ఉన్నది తన కొండ శిఖరాల మీది అడవి ఒక్కటే. ఆ షోలాలనూ, వాటి చుట్టూ ఉన్న గడ్డి మైదానాలనూ తేయాకు తోటలు, యూకలిప్టస్, వాటిల్ చెట్లు చాలాచోట్ల ఆక్రమించాయి. నీలగిరుల్లో మిగిలిన అడవిని కాపాడినంత మాత్రాన అగస్త్యమలై పిట్టకు రక్షణ దొరకదు. దాని అడవిని దానికోసం విడిగా కాపాడాలి.